మొదటి లివ్‌అబోర్డ్ డైవింగ్ ట్రిప్: కొత్తగా వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

స్కూబా కార్డు చేతికొచ్చి, నాలుగు చోట్ల డైవ్ చేశాక ఎవరి మనసైనా లివ్‌అబోర్డ్ మీదికి పోతుంది. తీరా బుక్ చేసుకున్నాక టెన్షన్ మొదలవుతుంది. వెచ్చని సముద్రాల్లో మొదటిసారి ఇలాంటి ట్రిప్‌కు వెళ్తున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేవి, నేను వెళ్లేముందు నాకెవరైనా చెప్పి ఉంటే బాగుండేది అనిపించినవి ఇక్కడ రాస్తున్నాను.

లివ్‌అబోర్డ్ అంటే సరిగ్గా ఏమిటి?

డైవింగ్ కోసమే తయారైన పడవ. తిండి, నిద్ర, డైవింగ్ అన్నీ దాని మీదే. మూడు నాలుగు రోజుల ట్రిప్పులూ ఉంటాయి కానీ ఏడు రాత్రులవే ఎక్కువ. ఒడ్డు నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే పడవలు చేరలేని దూరపు పగడపు దిబ్బలకు ఇది రాత్రికి రాత్రే తీసుకెళ్తుంది. మీరు నిద్ర లేచేసరికి డైవ్ చేయాల్సిన చోటు కిటికీ బయటే ఉంటుంది.

ఏడు రాత్రుల ట్రిప్‌లో దాదాపు 17 నుంచి 20 డైవ్‌లు పడతాయి. చాలామంది ఏడాది మొత్తంలో చేయనన్ని డైవ్‌లు ఒక్క వారంలో చేస్తారన్నమాట. కింద చెప్పే జాగ్రత్తల్లో సగం ఈ ఒక్క లెక్క నుంచి పుట్టినవే.

నాకు ఓపెన్ వాటర్ కార్డు మాత్రమే ఉంది. సరిపోతుందా?

కొన్ని ట్రిప్పులకు సరిపోతుంది. కానీ స్కూబాలో మొదటి మెట్టు సర్టిఫికెట్ అయిన ఈ ఓపెన్ వాటర్ కార్డుతో 18 మీటర్లు దాటకూడదు. దూరపు దిబ్బల్లో చూడాల్సినవి చాలావరకు 18కీ 30కీ మధ్య ఉంటాయి. అందుకే దాని తర్వాతి మెట్టయిన అడ్వాన్స్‌డ్ కోర్సు చేసి వెళ్లమంటాను. ప్రవాహం గట్టిగా ఉండే మార్గాల్లో తిరిగే పడవలు అడ్వాన్స్‌డ్ కార్డుతో పాటు 50 డైవ్‌ల అనుభవం కూడా అడగడం మామూలే. బుక్ చేసే ముందే ఈ నిబంధన చదవండి. పడవెక్కాక, చేసిన డైవ్‌లు రాసుకునే లాగ్‌బుక్ చూపించమంటారు.

నా దృష్టిలో కార్డు కన్నా ముఖ్యమైన పరీక్ష ఇంకొకటి ఉంది. అయిదు మీటర్ల లోతులో, దేన్నీ పట్టుకోకుండా, చేతులు ఆడించకుండా, మూడు నిమిషాలు ఒకే చోట ఆగగలరా? ఆగలేకపోతే ట్రిప్‌కు ముందు రెండు రోజులు దానికోసమే కేటాయించండి. తేలడం మీద పట్టు లేనివాళ్లకు గాలి త్వరగా అయిపోతుంది, కాళ్లకు తొడుక్కున్న ఫిన్స్ పగడాలకు తగులుతాయి, పైకొచ్చే ముందు కాసేపు ఆగాల్సిన సేఫ్టీ స్టాప్ దగ్గర బెలూనులా పైకి లేచిపోతారు. డైవ్ చేసి ఆరు నెలలు దాటితే ఒక రిఫ్రెషర్ తప్పనిసరి అనుకోండి.

ఎక్కడికి వెళ్లాలి, ఏ నెలలో?

చోటు కన్నా నెల ముఖ్యం. థాయిలాండ్‌లోని సిమిలాన్ ద్వీపాల జాతీయ పార్కును ఏటా మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా మూసేస్తారు. ఇండోనేషియాలో రాజా అంపత్‌కు అక్టోబర్ నుంచి ఏప్రిల్ వరకు మంచి కాలం. కొమోడోకు దాదాపు దానికి ఎదురు, ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా.

మాల్దీవుల్లో ఏడాది పొడవునా పడవలు తిరుగుతాయి. డిసెంబర్ నుంచి ఏప్రిల్ వరకు సముద్రం నెమ్మదిగా, నీళ్లు తేటగా ఉంటాయి. మే నుంచి నవంబర్ వరకు నీళ్లు కాస్త మసకబారతాయి. ఆ మసకకు కారణం ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే సూక్ష్మజీవులు. దాన్ని తినడానికి మంటా రేలు అనే పెద్ద రెక్కల చేపలు గుంపులుగా అటోల్‌ల (ఉంగరంలా ఉండే పగడపు దీవుల వరుసల) తూర్పు వైపుకు చేరతాయి. అంటే తేటనీళ్లు కావాలో, మంటాలు కావాలో ముందే తేల్చుకోవాలి. బా అటోల్‌లోని హనిఫారు దగ్గరైతే స్కూబాకు అనుమతి లేదు, స్నార్కెల్‌తోనే చూడాలి.

మొదటి ట్రిప్‌కు ప్రవాహం తక్కువ ఉండే మార్గం ఎంచుకోండి. పేరున్న డైవ్ సైట్లు రెండోసారి వెళ్లినప్పుడూ అక్కడే ఉంటాయి.

రోజు ఎలా గడుస్తుంది?

ఆరింటికి గంట కొడతారు. చిన్న ఫలహారం, బ్రీఫింగ్, మొదటి డైవ్. వచ్చాక టిఫిన్, కాస్త విశ్రాంతి, రెండో డైవ్. భోజనం, కునుకు, మూడో డైవ్. చీకటి పడ్డాక కొన్ని రోజులు రాత్రి డైవ్, తర్వాత భోజనం. తొమ్మిదిన్నరకల్లా పడవంతా నిద్రపోతుంది.

మొదటి రోజు మొదటి డైవ్ తేలికైన చోట పెడతారు. దాన్ని చెక్ డైవ్ అంటారు. నీళ్లలో మునగడానికి ఒంటికి కట్టుకునే సీసపు బరువులు సరిచూసుకోవడానికి అదే అవకాశం. ఉప్పునీళ్లలో శరీరం ఎక్కువ తేలుతుంది కాబట్టి స్విమ్మింగ్ పూల్‌లో సరిపోయిన బరువు ఇక్కడ చాలదు. ఇంకో సంగతి. అల్యూమినియం సిలిండర్ ఖాళీ అవుతున్నకొద్దీ తేలిక అవుతుంది. అందుకే బరువు సరిపోయిందో లేదో డైవ్ మొదట్లో కాదు, చివర్లో సిలిండర్‌లో 50 బార్ (గాలి పీడనం కొలత) మిగిలినప్పుడు చూసుకోవాలి.

రోజుకు మూడు నాలుగు డైవ్‌లంటే ఒంటికి ఏమీ కాదా?

అందరూ అడగాల్సిన ప్రశ్న ఇది. అడిగేవాళ్లు తక్కువ.

ప్రతి పది మీటర్ల లోతుకూ, నీళ్ల పైన గాలి మన మీద వేసే ఒత్తిడంత పీడనం అదనంగా పెరుగుతుంది. 30 మీటర్ల దగ్గర ఉపరితలం కన్నా నాలుగు రెట్లు. ఆ పీడనంలో పీల్చే గాలిలోని నైట్రోజన్ రక్తంలోకి, కండరాల్లోకి, కొవ్వులోకి కరిగి చేరుతుంది. నెమ్మదిగా పైకొస్తే ఊపిరితిత్తుల ద్వారా బయటికి పోతుంది. తొందరపడితే ఒంట్లోనే బుడగలు కడుతుంది. అదే డీకంప్రెషన్ సిక్‌నెస్, డైవర్ల మాటల్లో బెండ్స్.

డెక్ మీద ఆరేసిన మీ వెట్‌సూట్ చూడండి. రెండో రోజు దాటాక అది ఎప్పుడూ పూర్తిగా ఆరదు. తడి ఉండగానే మళ్లీ తొడుక్కుని దూకుతారు. ఒంట్లో నైట్రోజన్ సంగతీ అంతే. రెండు డైవ్‌ల మధ్య విరామంలో కొంత పోతుంది, కొంత మిగులుతుంది. ఆ మిగిలినదానికి తర్వాతి డైవ్ తోడవుతుంది. నాలుగో రోజు సాయంత్రం మీరు చేసే డైవ్, మొదటి రోజు పొద్దున చేసిన డైవ్ ఒకటి కావు, లోతు అంతే ఉన్నా సరే.

కాబట్టి చేతికి కట్టుకున్న డైవ్ కంప్యూటర్ చెప్పిన చివరి నిమిషం దాకా కింద ఉండకండి, కొంత మిగుల్చుకుని పైకి బయల్దేరండి. నిమిషానికి 9 మీటర్ల కన్నా వేగంగా పైకి రాకూడదు. అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాల సేఫ్టీ స్టాప్ ఎప్పుడూ మానకూడదు. రోజులో లోతైన డైవ్ ముందు చేయడం మంచి అలవాటు. నీళ్లు బాగా తాగాలి. సిలిండర్ గాలి పొడిగా ఉంటుంది, ఎండ, ఉప్పుగాలి, చెమట కలిసి తెలియకుండానే ఒంట్లో నీరు తగ్గిపోతుంది. మద్యం సంగతికొస్తే ఆ రోజు చివరి డైవ్ అయ్యాకే, అదీ కొంచెమే.

అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త ఒక డైవ్ మానుకోవడం. డబ్బు కట్టాం కదా, అందరూ వెళ్తున్నారు కదా అని ఒళ్లు వద్దంటున్నా వెళ్లేవాళ్లను చాలామందిని చూశాను. ట్రిప్ మధ్యలో ఒక పూట పూర్తిగా విశ్రాంతి తీసుకోండి. గైడ్‌కు "ఈ డైవ్‌కు రావట్లేదు" అని చెబితే చాలు, కారణం చెప్పనక్కర్లేదు. మంచి గైడ్ అడగడు కూడా.

బెండ్స్ వచ్చిందని ఎలా తెలుస్తుంది?

కీళ్లలో లోపలి నుంచి వచ్చే నొప్పి, చర్మం మీద మచ్చలు లేదా దురద, తిమ్మిరి, మొద్దుబారడం, కళ్లు తిరగడం, విపరీతమైన నీరసం. ఇవి పైకొచ్చిన కొద్ది నిమిషాల్లో రావచ్చు, కొన్ని గంటల తర్వాతా రావచ్చు.

ఒక ట్రిప్‌లో మాతో ఉన్న ఒకాయన అయిదో రోజు మూడో డైవ్ నుంచి వచ్చి మోచెయ్యి రుద్దుకుంటూ కూర్చున్నాడు. పెద్ద కెమెరా మోశాను, అందుకే అన్నాడు. అరగంటకు వేళ్లు తిమ్మిరెక్కాయి. అప్పటికీ రాత్రి డైవ్‌కు పేరు తీసేయలేదు. గైడ్ వచ్చి రెండు ప్రశ్నలడిగి, వెంటనే పడుకోబెట్టి ఆక్సిజన్ మాస్క్ పెట్టాడు. పడవ దారి మార్చుకుని ఒడ్డుకు వెళ్లింది, అక్కడ పీడనం పెంచే ఛాంబర్‌లో చికిత్స జరిగింది, కోలుకున్నాడు. ఆ అరగంట ఆయన చెప్పకుండా ఉండటమే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది. అనుమానం రాగానే చెప్పండి. మొదటి చికిత్స నూరు శాతం ఆక్సిజన్, అది పడవలో ఉందో లేదో, ఎంతసేపటికి సరిపోతుందో మొదటి రోజే అడగండి.

నైట్రాక్స్ కోర్సు చేయాలా?

చేయండి. లివ్‌అబోర్డ్‌కు ఇంతకన్నా పనికొచ్చే కోర్సు లేదు. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం, పడవల్లో దొరికే నైట్రాక్స్‌లో సాధారణంగా 32 శాతం. ఆ మేరకు నైట్రోజన్ తగ్గుతుంది.

అయితే నైట్రాక్స్‌తో ఇంకా లోతుకు వెళ్లొచ్చనుకోవడం ప్రమాదకరమైన పొరపాటు. జరిగేది సరిగ్గా తలకిందులు. ఆక్సిజన్ ఎక్కువైన గాలి లోతులో విషమవుతుంది, నీళ్లలోనే మూర్ఛ రావచ్చు. 32 శాతానికి దాదాపు 33 మీటర్లే హద్దు. అందుకే ప్రతి సిలిండర్‌నూ ఎవరిది వాళ్లే పరీక్షించుకోవాలి. వాల్వ్ కొద్దిగా తెరిచి, బుస్‌మంటూ సన్నగా వచ్చే గాలికి ఆక్సిజన్ శాతం చూపే ఎనలైజర్ ఆనించి, అంకె నిలకడగా ఆగేదాకా చూడాలి. ఒకసారి 31.8, ఒకసారి 32.4 వస్తుంది. ఆ అంకెను, దానికి తగ్గ లోతు హద్దును రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టి, డైవ్ కంప్యూటర్‌లోనూ మార్చుకోవాలి. పక్కవాడిది 32 వచ్చింది కదా, నాదీ అంతే అనుకోకండి.

సొంతంగా ఏమేం కొనుక్కోవాలి?

మాస్క్, డైవ్ కంప్యూటర్. మిగతావి అద్దెకు దొరుకుతాయి. మాస్క్ ముఖానికి అతకకపోతే వారమంతా పాడవుతుంది. కంప్యూటర్ మీ ఒంట్లోని నైట్రోజన్ లెక్కను డైవ్ తర్వాత డైవ్‌కు మోసుకెళ్లే పరికరం, కాబట్టి ఇద్దరు ఒకటి పంచుకోవడం, మధ్యలో మార్చుకోవడం కుదరదు. బ్యాటరీ బయల్దేరే ముందే చూసుకోండి.

సొంత రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) తీసుకెళ్తే, సిలిండర్‌కు బిగించే చోట అది డిన్ రకమో యోక్ రకమో చూసి, పడవలో సిలిండర్లు దేనికి సరిపోతాయో అడగండి. అడాప్టర్ ఉంటే వెంట పెట్టుకోండి.

వెచ్చని నీళ్లే కదా, వెట్‌సూట్ ఎందుకు?

నీళ్లు 28 డిగ్రీలున్నా మీ ఒంటి వేడి 37. నీరు గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. మొదటి రోజు హాయిగా అనిపించిన నీళ్లే నాలుగో రోజుకు వణికిస్తాయి. 3 మిల్లీమీటర్ల ఫుల్ సూట్ చాలాచోట్ల సరిపోతుంది. కొమోడో దక్షిణ భాగంలో లోపలి చల్లటి నీళ్లు పైకి ఉబుకుతుంటాయి, అక్కడికైతే 5 మిల్లీమీటర్లది. డైవ్ అయ్యాక తడి సూట్‌తో గాలికి కూర్చోవద్దు.

ప్రవాహం గట్టిగా ఉంటే కొట్టుకుపోతానేమోనని భయం.

ఉండాల్సిన భయమే. ప్రవాహానికి ఎదురు ఈదడం మాత్రం వృథా. డ్రిఫ్ట్ డైవ్‌లో నీళ్లు ఎటు తీసుకెళ్తే అటే వెళ్తారు, చిన్న పడవ పైన మీ బుడగల వెంట వస్తుంది. పగడపు దిబ్బ గోడకు దగ్గరగా, కాస్త కిందుగా ఉంటే ఉరవడి తగ్గుతుంది. గైడ్‌ను దాటి ముందుకు పోకండి.

ప్రతి ఒక్కరి దగ్గరా సొంత ఎస్‌ఎంబీ ఉండాలి, అంటే పైకి రాబోయే ముందు గాలి నింపి వదిలే పొడవాటి నారింజ రంగు గొట్టం. అలల మధ్య తల ఎంత చిన్నదో పడవ మీద నిలబడి చూస్తేనే అర్థమవుతుంది. వంద మీటర్ల దూరంలో తల కొబ్బరికాయంత కూడా కనిపించదు, ఆ గొట్టం మాత్రం కనిపిస్తుంది. అది వదలడం ట్రిప్‌కు ముందే సాధన చేయండి. ఆ గొట్టానికి కట్టిన రీల్ దారం చేతికి చుట్టుకుంటే అది మిమ్మల్నీ పైకి లాగుతుంది. ఒక విజిల్ కూడా బీసీడీకి, అంటే గాలి నింపుకునే డైవింగ్ జాకెట్‌కు కట్టుకోండి.

వాంతులు, కళ్లు తిరగడం తప్పవా?

చాలామందికి మొదటి రోజుతో సర్దుకుంటుంది. పడవ మధ్యలో, కింది అంతస్తు గదుల్లో ఊపు తక్కువ. బయటికొచ్చి దూరంగా ఆకాశం, సముద్రం కలిసే గీతను చూడండి, ఫోన్ చూడకండి. మాత్ర వేసుకోవాలంటే డాక్టర్‌ను అడిగి, పడవ కదలకముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక లాభం ఉండదు. కొన్ని మాత్రలు మత్తునిస్తాయి కాబట్టి ముందుగా ఇంటి దగ్గర ఒకసారి వేసుకుని ఒంటికి పడుతుందో లేదో చూడండి.

చెవుల సంగతి?

నా మొదటి ట్రిప్‌ను పాడుచేసింది ఇదే. కొంచెం జలుబుతోనే పడవెక్కాను. రెండో రోజు పొద్దున నాలుగు మీటర్ల దగ్గర ఎడమ చెవి తెరుచుకోలేదు. అందరూ కిందికి దిగిపోతున్నారు, వెనకబడతానని ముక్కు గట్టిగా పట్టుకుని ఊది బలవంతంగా దిగాను. పైకొచ్చాక మాస్క్‌లో రక్తం. మిగతా నాలుగు రోజులు డెక్ మీద కూర్చుని, తిరిగొచ్చినవాళ్లు మంటాల గురించి చెబుతుంటే విన్నాను.

నొప్పి రాకముందే, నీళ్లలోకి దిగిన మొదటి మీటరు నుంచే చెవులు సమం చేసుకుంటూ పోవాలి. తెరుచుకోకపోతే ఒక మీటరు పైకొచ్చి మళ్లీ ప్రయత్నించాలి. అప్పటికీ కాకపోతే ఆ డైవ్ అక్కడితో ఆపాలి. ఒక డైవ్ పోయినా వారం మిగులుతుంది.

రోజంతా తడిగా ఉండటంతో బయటి చెవిలో ఇన్‌ఫెక్షన్ కూడా వస్తుంది. ప్రతి డైవ్ తర్వాత మంచినీళ్లతో కడిగి, తల వంచి నీరు కారనిచ్చి, తువ్వాలుతో ఒత్తుకోండి. దూదిపుల్లలు పెట్టకండి.

రాత్రి డైవ్ తప్పకుండా చేయాలా?

అక్కర్లేదు. కానీ ఒక్కటైనా చేయమంటాను. పగలు లోతులో ఎరుపు రంగు కనిపించదు, నీళ్లు ముందుగా మింగేది దాన్నే. రాత్రి టార్చ్ వెలుగు పడగానే, పగలు బూడిద రంగులో ఉన్న రాయి అంతా ఎర్రగా, నారింజగా మండినట్టు లేస్తుంది. ఒక సందులో పారట్‌ఫిష్ తన చుట్టూ తానే అల్లుకున్న పలుచటి జిగురు గూడులో పడుకుని ఉంటుంది. వెలుగు నేరుగా దాని కంటి మీద వేయకండి. టార్చ్‌ను చేతి చాటుకు తిప్పి కాసేపు అలాగే ఉంటే, దాని మొప్పలు మెల్లగా కదులుతుండటం ఆ గూడులోంచే కనిపిస్తుంది. నేను ఎన్ని డైవ్‌లు చేసినా దాని దగ్గర ఆగకుండా ముందుకు పోలేదు.

భయమేస్తే సూర్యాస్తమయం వేళ దిగే డైవ్‌తో మొదలుపెట్టండి. రెండు టార్చ్‌లు ఉండాలి.

సొరచేపలు కరుస్తాయా?

దిబ్బల దగ్గర తిరిగే సొరచేపలు మనిషిని చూసి పక్కకు తప్పుకుంటాయి. కాస్త జాగ్రత్త పడాల్సింది టైటన్ ట్రిగ్గర్‌ఫిష్‌తో. గూడు కాసే కాలంలో మీదికొచ్చి కొరుకుతుంది. అది తనదనుకునే చోటు గూడు నుంచి పైకి గరాటులా వెడల్పవుతూ ఉంటుంది కాబట్టి, పైకి కాకుండా పక్కకు ఈది తప్పించుకోవాలి. స్టోన్‌ఫిష్, లయన్‌ఫిష్ ముళ్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ఆ భాగాన్ని ఉంచాలి, వెంటనే సిబ్బందికి చెప్పాలి. దేన్నీ ముట్టుకోకపోతే ముళ్లు గుచ్చుకునే పరిస్థితి దాదాపు రాదు.

ఒంటరిగా వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. చాలామంది అలాగే వస్తారు. మీతో కలిసి డైవ్ చేయడానికి ఒక బడ్డీని జతచేస్తారు. ఇద్దరూ కలిసి దిగే ముందే గాలి ఎంత మిగిలితే వెనక్కి తిరగాలో మాట్లాడుకోండి. గదిలో ఇంకొకరుంటారు, చెవి ప్లగ్‌లు పెట్టుకెళ్లండి, నిద్రలో మాత్రమే వాడటానికి.

నెలసరి రోజుల్లో డైవ్ చేయొచ్చా?

చేయొచ్చు. గర్భిణులు మాత్రం చేయకూడదు.

పడవ సురక్షితమో కాదో ఎలా తెలుసుకోవాలి?

2019 సెప్టెంబర్ 2 తెల్లవారుజామున కాలిఫోర్నియా తీరంలో కాన్సెప్షన్ అనే డైవ్ పడవ కాలిపోయి 34 మంది చనిపోయారు. అందరూ కింది అంతస్తులో నిద్రపోతున్నవాళ్లే. రాత్రి తిరుగుతూ కాపలా కాసే మనిషి లేకపోవడాన్ని దర్యాప్తు తప్పుపట్టింది. అది చల్లని నీళ్ల సముద్రమే, కానీ పాఠం అన్ని పడవలకూ వర్తిస్తుంది.

బుక్ చేసేటప్పుడే అడగండి: రాత్రంతా ఎవరైనా మేలుకుని ఉంటారా? కింది గదుల నుంచి బయటపడే దారులు రెండున్నాయా? ఎక్కిన రోజు ఆ రెండో దారి గుండా మీరే ఒకసారి నడిచి, కుదిరితే ఎక్కి చూడండి. లైఫ్ జాకెట్ ఎక్కడుందో చేత్తో తడిమి చూసుకోండి. కెమెరా, టార్చ్ లిథియం బ్యాటరీలను ఎవరూ లేని చోట, రాత్రి నిద్రపోతూ ఛార్జ్ పెట్టకండి. ఇలా అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. బాగా నడిపే పడవల్లో ఈ ప్రశ్నలకు సంతోషంగా జవాబిస్తారు.

ఇన్సూరెన్స్, మెడికల్ ఫారం?

మామూలు ట్రావెల్ పాలసీలు చాలావరకు డైవింగ్‌ను వదిలేస్తాయి, లేదా ఒక లోతు వరకే ఇస్తాయి. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ వంటి సంస్థలు ఇచ్చే డైవింగ్ పాలసీలో ఛాంబర్ చికిత్స, సముద్రం మీంచి తరలింపు ఉన్నాయో లేదో చూసుకోండి. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, ఇటీవలి ఆపరేషన్ ఉంటే ఫారంలో దాచకండి. డాక్టర్ ఉత్తరం ముందే తీసుకుంటే ఎక్కేచోట ఇబ్బంది ఉండదు.

బట్టలు, స్నానం?

ఈతబట్టలు రెండు జతలు, పైన వేసుకోవడానికి రెండు, చలిగాలికి ఒకటి. చెప్పులు మొదటి రోజే తీసుకుని పెట్టెలో వేస్తారు, వారమంతా ఉత్త కాళ్లే. మంచినీళ్లు పడవలోనే సముద్రపు నీటి నుంచి తయారవుతాయి కాబట్టి స్నానం త్వరగా ముగించండి. సన్‌స్క్రీన్ కన్నా పొడవు చేతుల చొక్కా మేలు. ఆక్సీబెంజోన్ లాంటి రసాయనాలున్న సన్‌స్క్రీన్‌లను పలావు 2020లో నిషేధించింది.

ట్రిప్ అయిన రోజే విమానం ఎక్కొచ్చా?

వద్దు. విమానం లోపల పీడనం నేల మీదకన్నా తక్కువ, ఒంట్లో మిగిలిన నైట్రోజన్‌కు అది ఇంకాస్త పైకి రావడం లాంటిదే. రోజుల తరబడి చాలా డైవ్‌లు చేసినవాళ్లు కనీసం 18 గంటలు ఆగాలని మార్గదర్శకాలు చెబుతాయి. వారం లివ్‌అబోర్డ్ తర్వాత నేను 24 గంటలు ఆగుతాను. ఎత్తైన కొండదారిలో ప్రయాణానికీ ఇదే లెక్క. టికెట్ కొనేటప్పుడే ఈ రోజును కలుపుకోండి.

ఆ ఖాళీ రోజున సామాను కడుక్కోండి. బీసీడీ లోపలికి మంచినీళ్లు పోసి, ఆడించి, పూర్తిగా ఒంపేయండి. రెగ్యులేటర్‌ను నీళ్లలో ముంచే ముందు డస్ట్ క్యాప్ తుడిచి, గట్టిగా బిగించి ఉందో లేదో రెండోసారి చూడండి.